వెంపలికి తొందర లేదు

మా పొలం చెరువు ఆయకట్టు చివర ఉంది. ఎర్ర గరపనేల. నీళ్లు నిలవవు, వేసిన ఎరువూ నిలవదు. ఈ నేలలో వరి పండాలంటే ఏటా కాస్తయినా సత్తువ చేర్చాలి. నేను ఆ పని వెంపలి అనే మొక్కను పచ్చిగా మట్టిలో కలియదున్ని చేస్తున్నాను.

పచ్చిరొట్ట అనగానే అందరికీ జీలుగ, జనుము, పిల్లిపెసర గుర్తొస్తాయి. మా ఊరికి రాయితీ మీద వచ్చే విత్తనాలూ అవే. దేని చోటు దానిది. నీళ్లు నిలిచే నేలకి, చౌడుకి జీలుగే వేయాలి. పశువుల మేత కూడా కలిసిరావాలంటే పిల్లిపెసర మంచిది. వరి కోశాక జూన్ దాకా ఒక్క తడి కూడా పెట్టలేని నాలాంటి వాడికి మాత్రం వెంపలే దిక్కు. ఎండలకు చావదు. పశువులు దాన్ని పెద్దగా ముట్టవు కాబట్టి వేసవిలో మందలు పొలాల మీద పడినా కంచె అక్కర్లేదు.

దీన్ని వదిలేసిన రైతులు చెప్పేది ఒకే మాట: చల్లితే మొలవదని. నిజమే, అలాగే చల్లితే అన్నీ మొలవవు. గింజ పైపొర నీటిని లోపలికి పోనివ్వదు. అందుకే మేం గింజకు గరుకు ఇసుక కలిపి, గోనెపట్టా మీద పోసి, అరికాలితో పైపైన నలుపుతాం. గింజ పగలకూడదు, పైన ఉన్న నునుపు మాత్రం పోవాలి. ఒక గుప్పెడు రాత్రి నీళ్లలో వేసి, పొద్దున ఎన్ని ఉబ్బాయో చూస్తే నలుపు సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. 55 డిగ్రీల వేడి నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి తీసే పద్ధతి కూడా ఉంది. నాకు ఇసుకే నమ్మకం. వేడి కాస్త ఎక్కువైతే మొలక లోపలే చచ్చిపోతుంది.

కోతకు ముందు, నేలలో పదును ఉండగానే, నిలబడి ఉన్న వరిలో ఎకరానికి 8 కిలోల చొప్పున చల్లుతాను. కోత అయ్యాక కొయ్యకాళ్ల మధ్య సన్నటి మొలకలు కనిపిస్తాయి. ఆ తర్వాత చాన్నాళ్లు ఎదుగుదలే ఉన్నట్టు ఉండదు. చూసిన వాళ్లు దున్నేయమంటారు. అప్పుడు నేను ఒక మొక్కను వేరుతో సహా మెల్లగా పెకలించి చూపిస్తాను. పైన జానెడు లేకపోయినా కింద వేరు తడి వెతుక్కుంటూ లోతుకు దిగి ఉంటుంది. వేళ్ల మీది బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనబడాలి. కనబడితే గాలిలోని నత్రజని మొక్కకు అందుతున్నట్టే. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలవలేదు.

వేసవి వానలు పడగానే మొక్క ఊపందుకుంటుంది. కొమ్మల చివర ఊదారంగు పూలు తొంగిచూడగానే నాగలి కట్టాలి. ఇంకా ఆగితే కాండం కట్టెబారి మట్టిలో త్వరగా చివకదు. దమ్ములో కలియదున్ని, నీళ్లు పెట్టి, వారం పది రోజులు ఆగాకే నాట్లు వేస్తాం. చివికేటప్పుడు పుట్టే వాయువులు లేత నారు వేళ్లను దెబ్బతీస్తాయి. యూరియా బస్తా పూర్తిగా మానేయవచ్చని నేను ఎవరికీ చెప్పను. తగ్గించాను, అంతే. కానీ దున్నినప్పుడు మట్టి పొడిపొడిగా విడివడడం, తడి ఇదివరకటి కంటే ఆలస్యంగా ఆరడం నా కళ్లతో చూస్తున్నాను.

వెంపలి ఆకు చివర పట్టి లాగితే అడ్డంగా తెగదు, బాణం తోక ఆకారంలో చీలుతుంది. ఆయుర్వేదంలో శరపుంఖ అన్నది దీన్నే. ప్లీహానికి, కాలేయానికి మందుగా వాడతారు. వేళ్ల కోసం వచ్చేవాళ్లను గట్ల మీద తవ్వుకోమంటాను గానీ, వైద్యుడు చెప్పకుండా నూరుకుని తాగవద్దని గట్టిగా చెబుతాను. ఈ వేళ్లలో చేపలను మత్తుగొలిపే గుణం ఉంది. పీకిన మొక్కలను చేపల చెరువు దగ్గరికి పోనివ్వం.

ఇక గింజ గట్టిదనం గురించి. మొదటి ఏడు మొలవనివి మట్టిలోనే ఉండి, తర్వాతి ఏళ్లలో కొన్ని కొన్నిగా లేస్తాయి. విత్తనం చల్లని ఏడు కూడా నా పొలంలో వెంపలి లేస్తోంది. వానలు నమ్మకం లేని చోట అన్ని గింజలూ ఒకేసారి మొలవకపోవడమే నాకు మేలు.

విత్తనం మాత్రం ఎవరూ అమ్మరు, మేమే పోగుచేసుకోవాలి. పొలంలోది పూతకే దున్నేస్తాం కాబట్టి గట్ల మీద మొక్కలను వదిలేస్తాం. చలికాలంలో కాయలు గోధుమరంగుకు తిరుగుతాయి. కోత మంచు ఆరకముందే చేయాలి. పొద్దెక్కితే కాయ మెలితిరిగి పగిలి గింజ నేలపాలవుతుంది. ఈ పని మా ఇంటి ఆడవాళ్లకు వచ్చినట్టు నాకు రాదు. ఏ కాయ మధ్యాహ్నానికి పగులుతుందో వాళ్లు రంగు చూసి చెప్పేస్తారు. కళ్లంలో ఎండబెట్టి, కర్రతో కొట్టి, చేటతో చెరుగుతారు.

ఇప్పుడు గట్ల మీద గడ్డిమందు కొట్టే అలవాటు పెరిగింది. దాంతో గడ్డితో పాటు ఈ విత్తనాల మొక్కలూ మాడిపోతున్నాయి. అందుకే విత్తనం అడిగిన వాళ్లకు ఊరికే ఇస్తున్నాను గానీ ఒక షరతు పెడుతున్నాను. పొలానికి ఒక పక్క గట్టుకు మందు కొట్టకూడదు, అక్కడి వెంపలిని కాయ ముదిరేదాకా కోయకూడదు.