లీటరు నీళ్లకో పొట్లం

ఆగస్టు 9, గట్టు
సీడు పత్తిలో క్రాసింగ్ రోజులు. క్లాసులో సగం బెంచీలు ఖాళీ. మొగ్గలు ఒలవడానికి చిన్న వేళ్లే కావాలట! వచ్చినవాళ్లకు ద్రవాభిసరణ చెప్తుంటే ఒక పిల్ల లేచింది. "మా అమ్మకు మోషన్లయితే ఓఆర్‌ఎస్ ఇచ్చిన్రు మేడం. నీళ్లు తాగితే సాలదా? అండ్ల ఉప్పు, గ్లూకోజ్ ఎందుకు?"
సిలబస్‌లో ఇంత మంచి ప్రశ్న లేదు.

ఆగస్టు 10
బోర్డు మీద పేగు కణం గీశాను. దాని రక్తం వైపు పొరలో ఒక పంపు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. అందుకే కణంలో సోడియానికి ఎప్పుడూ కరువే. పేగులో ఉన్న సోడియం లోపలికి వద్దామంటే కొవ్వు పొర అడ్డం. అక్కడొక ప్రోటీన్ ఉంది, రెండు సోడియంలకు ఒక గ్లూకోజ్‌ను జత చేసి లోపలికి చేరుస్తుంది. వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. కలరా విషం నీళ్లను బయటికి తోడేస్తున్నా ఈ దారి మూసుకుపోదు.
ఈ జోడు ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. 1971లో బొంగావ్ కాందిశీకుల శిబిరంలో సెలైన్ చాలకపోతే దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు తాగించాడు.

ఆగస్టు 12
ఆ పిల్ల ఇంటికి పోయాను. తల్లి పొట్లమంతా ఒక్క గ్లాసులో కలిపి పెట్టింది. "సిక్కగుంటే బలం గద మేడం."
కాదు. చిక్కనైతే ఒంట్లో నీళ్లే పేగులోకి వస్తాయి. ఒక పొట్లం 20.5 గ్రాములు, అందులో గ్లూకోజ్ 13.5. అది లీటరు నీళ్లకు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థే పాత మిశ్రమాన్ని 311 నుంచి 245 మిల్లీ ఆస్మోల్స్‌కు పలచన చేసింది. కూల్ డ్రింకులూ వద్దన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నది తల్లి కాదు, కొడుకు.

ఆగస్టు 14
యల్లాప్రగడ సుబ్బారావు గురించి చెప్పాను. 1920ల మొదట్లో ఆయన అన్న, తమ్ముడు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. పేగు తిన్నది పీల్చుకోలేని జబ్బు అది. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఏటీపీని కనుక్కున్నాడు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూకు మందైంది. ఆ ఏటీపీతో నడిచే సోడియం పంపును 1957లో స్కౌ అనే శాస్త్రవేత్త చూపించేసరికి సుబ్బారావు లేడు, 1948లోనే పోయాడు. భీమవరంలో పుట్టినాయన పేరు క్లాసులో ఇద్దరికే తెలుసు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.
రేపు జెండా వందనమయ్యాక పొట్లాలు కలిపిస్తాను. లీటరు సీసాలు ఎవరివి వాళ్లే తేవాలి.