ఆరేదాకా ఆగాల్సిందే

పశ్చిమ ఢిల్లీలోని కీర్తినగర్‌కు మంచమో, భోజనాల బల్లో కొనడానికి వచ్చేవారి చూపు ముందుగా కాళ్ల మీదే పడుతుంది. పిడికిట్లో ఇమడనంత లావు, తరిమెన పట్టి తీర్చిన ఒంపులు, షీషం కర్ర ముదురు చారలు. ఒకసారి తట్టి, కాస్త ఎత్తి చూసి ‘గట్టి సరుకే’ అని తీర్మానించేస్తారు. ఆ బరువులో కలప ఎంత, నీరెంత అని అడిగేవారు అరుదు.

అప్పుడే కొట్టిన చెట్టులో, ఎండు కలప బరువులో సగానికి మించి నీరుండడం మామూలే. పచ్చి కర్ర ఉలికి సులువుగా లొంగుతుంది. పనివాడికి శ్రమ తక్కువ, పదును ఎక్కువసేపు నిలుస్తుంది. లావు కాళ్లను పచ్చిగా ఉండగానే తరిమెనకెక్కించడంలో తప్పు లేదు. చిక్కల్లా అక్కడితో పని ముగిసిందనుకుంటేనే.

తేమ సుమారు 30 శాతానికి దిగేవరకు కలప ఆకారం పెద్దగా మారదు. ఆ తర్వాతే కుంచించుకుపోవడం మొదలవుతుంది. అదీ అన్ని వైపులా ఒకేలా ఉండదు. వలయాల వెంబడి కుదింపు, నడిమి నుంచి బెరడు వైపు ఉండే కుదింపుకు దాదాపు రెట్టింపు. అందుకే గుండ్రంగా తిప్పిన కాలు ఆరాక కోలగా తేలుతుంది. పైపొర ఆరి బిగుసుకుంటుంటే లోపలి పచ్చి భాగం లొంగదు. ఆ పెనుగులాటలోంచే పగులు పుడుతుంది.

ఢిల్లీ వాతావరణం దీనికి ఆజ్యం పోస్తుంది. మే, జూన్‌లలో ‘లూ’ వడగాలి వీచే మధ్యాహ్నాలు గాలిలో తేమ 20 శాతానికి పడిపోతుంది. వానలొచ్చాక 70 దాటుతుంది. కర్ర పక్కల కంటే కోసిన చివరల నుంచి నీరు ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. అందుకే తెలిసిన పనివారు చివరలకు మైనమో, రంగో దట్టంగా పూస్తారు. దుంగ నడిమి బెండు కాలులోకి రాకుండా కోయిస్తారు. కావలసినదానికన్నా పదోవంతు లావుగా తిప్పి, గాలి ఆడే నీడలో పట్టీల మీద పేరుస్తారు. నెలనెలా తూకం వేసి, బరువు తగ్గడం ఆగాక మళ్లీ తరిమెనకెక్కిస్తారు.

అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. నాలుగంగుళాల కాలుకు అదీ చాలకపోవచ్చు. మందం రెట్టింపైతే, ఆరే కాలం రెట్టింపును మించిపోతుంది. 1906లో డెహ్రాడూన్‌లో ఏర్పడిన అటవీ పరిశోధన సంస్థ కలప ఆరబెట్టే పద్ధతులపై దశాబ్దాలు శ్రమించి, ఎండతో నడిచే కిల్న్‌ను కూడా రూపొందించింది. అయితే ఎంత మంచి కిల్న్‌లోనైనా లావు గట్టి కలపను హడావుడి పెడితే పైకి నున్నగా ఉంటూనే లోపల తేనెపట్టులా చీలుతుంది.

తరిమెన అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది ఏటికొప్పాక. 2025 గణతంత్ర దినాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కొలువుదీరినవి ఆ లక్క బొమ్మలే. కానీ అంకుడు మెత్తని కర్ర, బొమ్మ చిన్నది. తేమ బయటపడడానికి దారి దగ్గర. మంచం కాలుకు ఆ వెసులుబాటు లేదు.

అప్పు తెచ్చి కలప కొన్న చిన్న దుకాణదారుకు సరుకును ఏళ్ల తరబడి నీడలో ఉంచడమంటే పెట్టుబడిని మూలన పడేయడమే. కొనేవారేమో వారంలో ఇంటికి చేరాలంటారు. రెండో వేసవిలో కాలు టప్పున చీలితే నింద మాత్రం వడ్రంగి నెత్తిన పడుతుంది.

తేమ చూపే మీటరు సూదులు పైపొరనే చదువుతాయి. లావు కర్ర లోపలి సంగతి వాటికి అందదు. అందుకే కొనేవారు రెండు ప్రశ్నలు అడగడం మేలు. కర్ర ఎన్నాళ్లు ఆరింది? కాలు ఒకే మొద్దు నుంచి తీసిందా, ఆరిన పలకలు అతికించి తిప్పిందా? అతుకు అనగానే మోసమని ముఖం చిట్లించేవారే ఎక్కువ. ఏళ్లు ఆగే ఓపిక అమ్మేవారికీ కొనేవారికీ లేనప్పుడు, ఆ అతుకే నిజాయితీ గల పని.