నిలువెత్తు బంగారం

ఆడదాని వయసు అడగకూడదని మర్యాద తెలిసినవాళ్లంతా అంటారు. బరువు దగ్గరకు వచ్చేసరికి ఆ మర్యాద ఏమవుతుందో తెలియదు. అసలు అడగనక్కరే లేదు కదా! తలనుంచి పాదాలదాకా ఓసారి చూసి, కాటాతో పని లేకుండా వాళ్లే చెప్పేస్తారు.

నా పుట్టిల్లు జనగామ. మెట్టినిల్లు మహబూబాబాద్. మా అత్తగారి నోట అది ఇప్పటికీ మానుకోటే. మావారి ఉద్యోగం సింగరేణిలో కనుక కాపురం భూపాలపల్లిలో. 2016 అక్టోబరు దాకా ఈ మూడూ ఒక్క వరంగల్ జిల్లాలోని ఊళ్లే. ఇప్పుడు మూడూ మూడు జిల్లాలకు ముఖ్య పట్టణాలు. జిల్లాలు వేరుపడ్డాయి గాని, నన్ను చూడగానే పలికే మాట మాత్రం మూడు చోట్లా ఒక్కటే.

"గింత లావైనవేంది బిడ్డా! అల్లుడు మంచిగ అరుసుకుంటున్నట్టున్నడు" అంటుంది జనగామలో మా చిన్నమ్మ.

"ఏం తింటున్నవో మాకూ చెప్పరాదు వదినె!" అంటుంది మానుకోటలో ఆడబిడ్డ.

భూపాలపల్లిలో పక్క క్వార్టరావిడ కాస్త చదువుకున్నది. "థైరాయిడ్ చూపించుకున్నారా మేడమ్?" అంటుంది.

మాటతోపాటు మందు కూడా ఉచితం. జనగామలో జీలకర్ర నీళ్లు, మానుకోటలో నానబెట్టిన మెంతులు, భూపాలపల్లిలో నిమ్మరసం, తేనె. అన్నీ తాగాను. కడుపులో అవన్నీ ఏం మాట్లాడుకున్నాయో గాని, కాటా మీది ముల్లు మాత్రం కదలలేదు.

ఇంతకీ నేను లావయింది ఒక మందు వల్ల. బి.పి. మందయితే నలుగురిలోనూ గట్టిగా చెప్పుకోవచ్చు. షుగరు మందయితే పెళ్లిభోజనాల దగ్గర కాస్త గర్వంగానే చెప్పుకుంటారు. నాది గొంతు తగ్గించి చెప్పే మందు. డిప్రెషన్‌కు వాడే మందు.

2022 వానాకాలం. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. రాస్తున్న నవల సగంలో ఆగిపోయింది. అది ఆగితే ఆగింది, పాఠకులు బతికిపోయారనుకోవచ్చు. తల దువ్వుకోవడానికి చెయ్యి లేవకపోవడం ఏమిటి? తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. ఆ మూడు నుంచి ఆరు దాకా ఉండే మూడు గంటలు ఎంత పొడుగో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి తిన్నట్టుండేది. యాభై ఎనిమిది కిలోల మనిషిని యాభై మూడుకు వచ్చాను.

ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్లు ఏమన్నారో తెలుసా? "ఎంత నాజూగ్గా అయ్యావు! మాకూ చెప్పు ఆ కిటుకు" అన్నారు. ఒక పెళ్లిలో ముగ్గురు అడిగారు. మనిషి లోపల చితికిపోతుంటే పైకి అందరూ మెచ్చుకున్నారు. మళ్లీ మనిషినై, నిద్రపోయి, నవ్వి, సగం నవల పూర్తిచేస్తే మాత్రం అందరూ జాలిపడ్డారు. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హనుమకొండలో మానసిక వైద్యుడు నాకు మొదట రాసిన మందు మిర్టాజపీన్. "నిద్ర పడుతుంది, ఆకలి పెరుగుతుంది, తిండి కాస్త చూసుకోండి" అని చెప్పే రాశారు. అన్నం సహించని మనిషికి ఆకలి పెరుగుతుందనడం వరం ఇచ్చినట్టే కదా! పదిహేను రోజులకు నిద్ర వచ్చింది. నెలకు అన్నం అన్నంలా అనిపించింది. ఆ తరువాత పప్పు, చారు, పెరుగు, సర్వపిండి, సకినాలు... ఒక్కొక్కటీ పాత చుట్టాల్లా తిరిగి వచ్చాయి. వచ్చిన చుట్టాలు వెళ్లలేదు. రాత్రి పది దాటాక కాళ్లు వాటంతటవే వంటింట్లోకి నడిచేవి. బెల్లం డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యడంలో నాకు మంచి నేర్పు వచ్చింది.

బిళ్లలో కొవ్వేమీ ఉండదండీ. ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం ఒకటి ఉంది. మెదడులో అది మెలకువకూ, 'ఇక చాలు' అనే తృప్తికీ తోడ్పడుతుంది. ఈ మందు దాని పనికి అడ్డుపడుతుంది. జలుబు బిళ్ల వేసుకుంటే మత్తుగా ఉంటుందే, ఆ మత్తుకూ కారణం ఇదే. పాతకాలపు అమిట్రిప్టిలిన్‌దీ ఇదే గుణం. దానికితోడు జబ్బులో పోయిన ఆకలి తిరిగి రావడం ఒకటి, నెలల తరబడి కదలక కూర్చున్న ఒళ్లు ఒకటి. మూడూ కలిశాయి. పదహారు నెలల్లో పదహారు కిలోలు. నెలకు కిలో అంటే గుండె గుభేలుమంటుంది గాని, రోజుకు లెక్కేస్తే ముప్ఫయి మూడు గ్రాములు. గుప్పెడు బియ్యమంత కూడా కాదు! అందుకే వస్తున్నప్పుడు తెలియదు.

తెలిసేది జాకెట్టు దగ్గర. మన టైలర్లు ఎంత ముందుచూపు గలవాళ్లో! లోపల రెండు కుట్లకు సరిపడా గుడ్డ వదిలే కుడతారు. దసరాకు మొదటి కుట్టు విప్పాను, సంక్రాంతికి రెండోది విప్పాను. ఆ తరువాత విప్పడానికి కుట్లు లేవు.

సరిగ్గా అప్పుడు వచ్చింది మేడారం జాతర. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు. మేడారం 2019లో ములుగు జిల్లాలోకి వెళ్లింది గాని అంతకుముందు మా భూపాలపల్లి జిల్లాలోదే. సమ్మక్క సారలమ్మలకు బెల్లమే బంగారం. మనిషి ఎత్తు బెల్లం తూచి ఇస్తామని మొక్కుకుంటారు, దాన్నే నిలువెత్తు బంగారం అంటారు. నేను మంచం పట్టిన రోజుల్లో మా అత్తగారు నా పేర ఆ మొక్కు మొక్కిందట. నాకు చెప్పలేదు.

బెల్లం దుకాణం ముందు, వీధి వీధంతా చూస్తుండగా నన్ను కాటా ఎక్కించారు. మొక్కిన్నాడు యాభై మూడు. తీర్చేనాడు అరవై తొమ్మిది! దుకాణదారు కేకేసి మరీ చెప్పాడు. మావారు జేబు తడుముకున్నారు. నాకు భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. మా అత్తగారి ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"మొక్కిన్నాడు పుల్లోలె ఉంటివి బిడ్డా. సూత్తె భయమయ్యేది. అమ్మ తన బంగారం తానే పెంచుకున్నది" అంది.

నా పదహారు కిలోలను సంతోషంగా చూసిన మనిషి ఆమె ఒక్కతే. చదువుకున్నది నాలుగో తరగతి. ఆమె అన్నదాంట్లో వైద్యం కూడా ఉందని తరువాత చదివితే తెలిసింది. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. క్షయ సంగతి అలా ఉంచి, రోగులు హుషారయ్యారు, ఆకలి పెరిగింది, బరువు పెరిగారు, వార్డుల్లో ఆటపాటలు మొదలయ్యాయి. డిప్రెషన్ మందులు పుట్టిన దారుల్లో అది ఒకటి. క్షయ రోగి రెండు కిలోలు పెరిగితే ఇల్లంతా పండగ చేసుకుంటుంది, డాక్టరు కార్డు మీద రాసుకుంటాడు. మనసు జబ్బుపడి లేచినవాళ్లకు ఆ భాగ్యం లేదు.

అలాగని పెరిగినదంతా మంచిదేనని నేననను. తగ్గిన అయిదు కిలోలు తిరిగి రావడం ఆరోగ్యం. పైన వచ్చిన పదకొండు మాత్రం మోకాళ్లకు బరువు, రక్తంలో చక్కెరకు దారి. మన దేశంలో ఆడవాళ్లకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు వైద్యులు. నాది ఎంతో చెప్పను. మర్యాద నేనైనా పాటించాలి కదా!

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. మా తోడికోడలి చెల్లెలు మానుకోటలో ఉంటుంది. ఆమె చెప్పమంటేనే రాస్తున్నాను. ఆమెకూ ఇదే జబ్బు, ఇలాంటి మందే, ఇలాగే ఒళ్లు వచ్చింది. కూతురి పెళ్లి కుదిరింది. "పెళ్లికూతురి తల్లివి, కొంచెం తగ్గరాదూ" అని నలుగురూ అన్నారు. పెళ్లి ఇంకా రెండు నెలలుండగా ఎవరికీ చెప్పకుండా బిళ్లలు మానేసింది. నాలుగు రోజులకు తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం, నిద్ర లేకపోవడం మొదలయ్యాయి. పెళ్లి పనుల అలసట అనుకున్నారంతా. బరువు తగ్గింది. పట్టుచీర మీది జాకెట్టు చక్కగా సరిపోయింది. ఫొటోల్లో ఆమె కూతురి పక్కనే నిలబడి ఉంది. కళ్లు మాత్రం ఎటో చూస్తున్నాయి. అప్పగింతలప్పుడు ఏడుపు కూడా రాలేదట. ఆ తరువాత ఇరవై రోజులు వరంగల్ ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు కోలుకుంది. "అక్కా, నా బిడ్డ పెండ్లి నాకు యాదికి లేదు" అన్నప్పుడు మాత్రం నేనేమీ అనలేకపోయాను.

నలుగురు సరదాగా అన్న మాట ఖరీదు అది.

నాకూ మానెయ్యాలనిపించలేదా? ప్రతి అద్దం ముందూ అనిపించింది. కాని ఆ తెల్లవారుజాము మూడింటిని తలుచుకుని, బిళ్ల మానకుండా, డాక్టరు దగ్గరకే వెళ్లి చెప్పాను. "మందు మాననండీ. కాని ఈ బరువు మొయ్యలేను, దారి చెప్పండి" అని. ఆయన నవ్వలేదు. థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించారు. షుగరు గీత మీద నిలబడి ఉంది. ఆరువారాలు పట్టి, ఒకటి మెల్లగా తగ్గిస్తూ మరొకటి పెంచుతూ, సెర్ట్రలిన్‌కు మార్చారు. మందులన్నీ ఒకేలా బరువు పెంచవట. 2024 జులైలో ఒక వైద్యపత్రికలో అమెరికావాళ్లు లెక్క ప్రచురించారు. ఎనిమిది మందులు, లక్షా ఎనభై మూడు వేల మంది. అందులో నేను మొదట వాడిన మందు లేదు. ఆరు నెలలకు చూస్తే సెర్ట్రలిన్‌కంటే ఎసిటాలోప్రామ్, పారాక్సెటిన్, డులాక్సెటిన్ కాస్త ఎక్కువ పెంచాయి, బ్యుప్రోపియన్ తక్కువ. సగటున ఆ తేడా అర కిలో లోపే. ఇంకో సంగతి కూడా చెప్పారు. ఏ మందయినా సరే, ఆరు నెలలపాటు సక్రమంగా వాడినవాళ్లు సగం మంది కూడా లేరట. మానేసేవాళ్లు మానుకోటలోనే కాదు, అన్ని చోట్లా ఉన్నారన్నమాట!

అయితే ఏ మందు ఎవరికి పడుతుందో డాక్టరు చెప్పాలి. నవలలు రాసుకునే నేను చెప్పకూడదు, పక్కింటావిడ అసలే చెప్పకూడదు.

మిగతాది నా చేతిలో, నా కాళ్లలో ఉన్న పని. కాకతీయ ఖనికి మొదటి షిఫ్టువాళ్లు టిఫిను డబ్బాలతో బయలుదేరే వేళకు నేనూ నడక మొదలుపెట్టాను. మొదటివారం పది నిమిషాలకే ఆయాసం. ఇప్పుడు నలభై నిమిషాలు. రాత్రి కంచంలో ముందు కూర, పప్పు, ఆ తరువాతే అన్నం. తొమ్మిది దాటాక వంటింట్లో లైటు వెయ్యను. బెల్లం డబ్బా తాళం మా అత్తగారి కొంగున ఉంటుంది, నిద్రలో కూడా ముడి విప్పదావిడ. బతుకమ్మ తొమ్మిది రోజులూ గంటకు తక్కువ కాకుండా చప్పట్లు కొడుతూ తిరిగాను. అంతకంటే మంచి వ్యాయామం ఏ డాక్టరు రాసిస్తాడు?

మొదటి నెల ముల్లు కదలలేదు. మూడో నెలకు ఒక కిలో. ఏడాదిన్నరకు అయిదు. ఇంతేనా అంటారేమో! ఉన్న బరువులో నూటికి అయిదు వంతులు తగ్గినా షుగరుకు మేలేనని డాక్టరు అన్నారు. అన్నట్టే గీత మీదిది గీత కిందకు దిగింది. నేనిప్పుడు అరవై నాలుగు. విప్పిన కుట్లలో ఒకటి మళ్లీ వేయించాను. రెండోది వెయ్యమని టైలరును తొందరపెట్టడం లేదు.

మిర్చి బస్తా తూచాక గోనెసంచి బరువు మినహాయించి లెక్క కడతారు మార్కెట్లో. మనిషిని చూసేటప్పుడు కూడా ఆ పాటి న్యాయం ఉండాలి. ఆ ఒంట్లో ఎంత మందుంది, ఎంత దుఃఖం దిగింది, ఎన్ని రాత్రుల నిద్ర తిరిగి వచ్చింది అని లెక్క తీశాక ఏమైనా అనదలిస్తే అనండి.

మన దేశంలో పెద్దవాళ్లలో ఇరవై మందికొకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడ్డవాళ్లేనని 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్‌వారు జరిపిన జాతీయ సర్వే చెప్పింది. అంటే మీ వీధిలోనూ ఉన్నారు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416 అని ప్రభుత్వం 2022లో పెట్టిన టెలిమానస్ నంబరుంది. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. డాక్టరు కోసం హైదరాబాదుకే పరుగెత్తాల్సిన రోజులు మెల్లగా పోతున్నాయి.

ఒక్కటి మాత్రం డాక్టర్లు చెయ్యలేరు, మనమే చెయ్యాలి. చాలా రోజులకు కలిసిన మనిషిని "లావయ్యావేం?" అనీ, "చిక్కిపోయావేం?" అనీ పలకరించే అలవాటు మనది. దాని బదులు "నిద్ర పడుతోందా?" అని అడిగి చూడండి. మొన్న జనగామలో మా చిన్నమ్మకు ఇదే చెప్పాను. కాసేపు ఆలోచించి, "నన్నెవ్వలు అడగలేదు బిడ్డా, నాకు నిద్ర వట్టక రెండేండ్లాయె" అంది.