మూడు కార్బ్యురేటర్లు, ఒక రేడియేటర్ గొట్టం

ముందే చెప్పేస్తున్నా, నేను సీఎస్‌ఈ. స్పానర్లకి నంబర్లుంటాయని నాకు తెలిసిందే కాలేజీకి వచ్చాక. చదివిందంతా ఇంగ్లిష్ మీడియం కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. కానీ ఈ సంగతి మాత్రం తెలుగులోనే రాయాలి. ఎందుకంటే దీన్ని నేను నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు ముందు నిలబడి, తెలుగులో తిట్లు తింటూ.

మా ఆటో క్లబ్ వాళ్లు ఒక బగ్గీ కడుతున్నారు. దానికి పాత మారుతి 800 ఇంజను. 796 సీసీ, 3 సిలిండర్లు, మూడింటికీ కలిపి ఒకే కార్బ్యురేటర్. మాకు దొరికిన ఇంజనుకి అదే పాడైపోయింది. మా కెప్టెన్ అక్క (మెకానికల్, థర్డ్ ఇయర్) ఒక ఐడియా చెప్పింది. "796ని 3తో భాగిస్తే 265. అంటే ఒక్కో సిలిండరూ ఒక బైకు ఇంజనంత. సిలిండర్‌కో బైక్ కార్బ్యురేటర్ పెడదాం." ఇంగ్లండ్‌లో ఇంటి దగ్గర సొంతంగా కార్లు కట్టుకునేవాళ్లు ఫోర్డ్ ఇంజన్ల మీద నాలుగేసి బైక్ కార్బ్యురేటర్లు పెడుతుంటారట. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. పాత కార్బ్యురేటర్లు తుక్కు కొట్లలో దొరికేస్తున్నాయి. ఒకే రకంవి మూడు తెచ్చాం.

నిజానికి నా పని సెన్సర్లు, డేటా లాగింగ్. కానీ మెకానికల్ వాళ్లకి ల్యాబ్ ఎగ్జామ్స్ పడటంతో, కార్బ్యురేటర్లని ఇంజనుకి బిగించే పని నేను చేస్తానన్నాను. పైపులూ క్లిప్పులే కదా అనుకున్నా.

లేత్ షాపు బాబాయ్ పాత ప్యాకింగ్‌ని అచ్చుగా పెట్టి మందపాటి ఇనప ప్లేటు కోశాడు. మూడు రంధ్రాలు, ఒక్కోదానికీ పొట్టి గొట్టం వెల్డింగ్. వెల్డింగ్ వేడికి ప్లేటు వంగుతుంది కాబట్టి మళ్లీ చదును చేశాడు. లేకపోతే ఇంజనుకి ఆనుకునే చోట సందు పడి గాలి లాగేస్తుందట. ఆ పొట్టి గొట్టాల మీద రబ్బరు హోస్, హోస్‌లో కార్బ్యురేటర్, రెండు వైపులా క్లిప్పులు. ఇంతే.

"రబ్బరెందుకు బాబాయ్, ఇనుముకి ఇనుము బోల్ట్ వేసేస్తే గట్టిగా ఉంటుంది కదా?" అన్నాను.

"ఇంజను వణుకుద్దిరా. ఆ వణుకు మొత్తం కార్బ్యురేటర్‌కి పోతే లోపల పెట్రోలు మజ్జిగ చిలికినట్టు నురగొచ్చేస్తది. రబ్బరుంటే వణుకు ఆగుద్ది. కానీ బరువంతా రబ్బరు మీదే వెయ్యకు. కింద పట్టీ ఇవ్వు. పట్టీ ఇంజనుకే కట్టు, చాసిస్‌కి కాదు. ఇంజను ఊగితే కార్బ్యురేటర్లు కూడా దాంతోపాటే ఊగాలి. హోస్ మాత్రం పెట్రోలుకి ఆగేది తీసుకో." గొట్టాల చివర చిన్న అంచు కూడా లేపించుకోమన్నాడు, హోస్ జారకుండా.

నేను అంచు లేపించలేదు, ఎందుకంటే ఇంకో రోజు పడుతుందన్నాడు. పట్టీ బదులు ప్రస్తుతానికని జిప్ టైలు వేశాను. కోడ్‌లో "టూడూ" అని రాసి వదిలేస్తాం చూడండి, అలా. ఇక హోస్. పెట్రోలుకి ఆగే రకం మా సైజులో దొరకలేదు. రేడియేటర్ హోస్ ఉంది. అదీ నల్లగానే ఉంది, సైజు కరెక్ట్, రేటు సగం. రబ్బరు రబ్బరే కదా అనుకున్నా. ఎవరికీ చెప్పలేదు.

మొదటి రోజు ఇంజను స్టార్టయితే అందరం అరిచేశాం, స్టేటస్‌లు పెట్టేశాం. నాలుగో రోజుకి తేడా మొదలైంది. యాక్సిలరేటర్ వదిలినా రేసు తగ్గట్లేదు. మధ్యమధ్యలో టప్ టప్‌మని వెనక్కి కొడుతోంది. "జెట్ల ప్రాబ్లమేమో అక్కా" అన్నాను. హోస్ పట్టుకుంటే మెత్తగా తగిలింది. అది మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రం గ్రౌండ్‌లో బగ్గీ నడిపింది నా రూమ్మేట్. రెండో రౌండ్‌లో ఇంజను గట్టిగా వెనక్కి కొట్టింది. మధ్య కార్బ్యురేటర్ ఊడి వేలాడింది. దాంతోపాటే పెట్రోలు పైపూ లాగేసింది. వేడి ఇంజను మీద పెట్రోలు పడి పొగలొస్తున్నాయి. వాడు స్విచ్ ఆపేశాడు గానీ సీటు బెల్టు వెంటనే ఊడట్లేదు. అక్క పరుగెత్తి ట్యాంకు ట్యాప్ కట్టేసింది. ఇంకొకడు ఎక్స్‌టింగ్విషర్ తెచ్చాడు. అంటుకోలేదు. అంతే, అంటుకోలేదు.

రిపోర్ట్‌లో "హోస్ ఫెయిల్యూర్" అని రాశాను. చదివినవాళ్లెవరూ ఏ హోస్ అని అడగలేదు. రెండు రాత్రులు నిద్ర పట్టక మూడో రోజు అక్కకి చెప్పేశాను. అక్క తిట్టలేదు. "ఆ ముక్క తీసుకుని బాబాయ్ దగ్గరికి వెళ్లు" అంది.

ఆయన దాన్ని రెండు వేళ్లతో నొక్కి చూశాడు. ఉబ్బిపోయి మైసూర్‌పాక్ లాగా నలుగుతోంది. "ఇది నీళ్ల గొట్టం కదరా అబ్బాయ్. దీనికి పెట్రోలు తాపిస్తే ఏమవుద్ది?" అని, కాసేపాగి, "బండి నడిపింది ఎవరు?" అన్నాడు.

"మా రూమ్మేట్."

"ఆ అబ్బాయికి చెప్పావా?"

చెప్పలేదు. మూడు రోజులుగా ఒకే రూమ్‌లో పడుకుంటున్నాం, ఒకే ప్లేట్‌లో మ్యాగీ తింటున్నాం. చెప్పలేదు.

ఆ రాత్రి చెప్పాను. వాడు చాలాసేపు ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. స్క్రీన్ ఆఫ్‌లోనే ఉంది. చివరికి, "ఈసారి ముందు నువ్వు ఎక్కురా" అన్నాడు.

మళ్లీ మొదటినుంచీ చేశాం. గొట్టాలకి అంచు లేపించాం. పెట్రోలు హోస్ వేరే ఊరి నుంచి తెప్పించాం. ఇంజను నుంచే పట్టీ ఇచ్చి, మధ్యలో రబ్బరు బుష్‌లు వేశాం. ఒకసారి ఇంజను వేడెక్కించి, పూర్తిగా చల్లారాక క్లిప్పులన్నీ మళ్లీ బిగించాం. తర్వాత స్టార్ట్ చేసి, వేడెక్కకముందే జాయింట్ల చుట్టూ కొంచెం కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి చూశాం. ఎక్కడైనా గాలి లాగుతుంటే ఇంజను సౌండ్ మారిపోతుంది. మారలేదు.

సీట్లో కూర్చున్నప్పుడు నా వెనకాలే మూడు కార్బ్యురేటర్లు గాలి పీలుస్తున్న చప్పుడు వినిపించింది. ఆరు క్లిప్పులు. ఒక్కొక్కటీ ఎంత బిగించానో వేళ్లకి గుర్తుంది. పక్కన ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని నిలబడింది నా రూమ్మేటే.

ఇప్పుడు మా క్లబ్‌లో ఒక రూల్ ఉంది. ఎవరు బిగిస్తే వాళ్లే ముందు ఎక్కాలి.