పందొమ్మిది రోజులుగా ఆగని కంప్యూటరు

సాఫ్ట్‌వేర్ ఇంజినీరంటే మా ఊళ్ళో ఇప్పటికీ అమెరికా ప్రాజెక్టే అనుకుంటారు. నేను కొన్నాళ్ళు వెలగబెట్టింది మాత్రం గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక పత్తి వ్యాపారి ఆఫీసు కంప్యూటర్లని హైదరాబాదు నుంచి చూసుకోవడం.

టర్నోవరు వంద కోట్లు దాటిన వ్యాపారాలకి 2021 జనవరి 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి అయింది. మా క్లయింటూ ఆ లెక్కలోకి వచ్చాడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షను అన్ని ఆఫీసుల్లోనూ పడాలి. ఊరూరూ సీడీ పట్టుకుని తిరిగే రోజులు కావు కదా, గ్రూప్ పాలసీలో ప్యాకేజీ పెట్టేశాను. కంప్యూటరు బూట్ అయ్యేటప్పుడు, ఎవరూ లాగిన్ అవకముందే, దానంతటదే ఇన్‌స్టాల్ అయిపోతుంది. గుంటూరులో అయిపోయింది. పర్చూరు దగ్గర జిన్నింగ్ మిల్లులో (అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా) మాత్రం ససేమిరా అంది.

షేర్ పర్మిషన్లు చూశాను. ఇన్‌స్టాల్ చేసేది మనిషి కాదు, మెషీన్ అకౌంటు కాబట్టి డొమైన్ కంప్యూటర్స్‌కి రీడ్ ఉండాలి. ఉంది. జీపీరిజల్ట్‌లో పాలసీ చేరినట్టే ఉంది. ఈవెంట్ లాగ్‌లో ఎర్రర్ లేదు, అసలు ప్రయత్నించిన జాడే లేదు.

"గుమాస్తా గారూ, సిస్టం ఒకసారి ఆపి మళ్ళీ వేయండి."

"వేశాను బాబూ. రోజూ ఆపే పోతన్నాం."

రిమోట్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే అప్ టైమ్ పందొమ్మిది రోజులు! ఇంకేముంది, దొరికాడు అనుకున్నా. "యూజర్ రీస్టార్ట్ చెయ్యకుండానే చేశానని చెబుతున్నారు" అని మా మేనేజరుకి మెయిల్ కొట్టాను. అది అక్కణ్ణుంచి ఓనరు దాకా పోయింది. అరవయ్యేళ్ళకి దగ్గరున్న ఆ మనిషిని కాటా దగ్గర, లారీ డ్రైవర్ల ముందే ఓనరు అడిగిన సంగతి నాకు తర్వాత తెలిసింది. ఈలోగా ఆయన ఒక్కో లారీ వివరాలు ఫోన్లో గుంటూరుకి చదివి, వాళ్ళు అక్కడ బిల్లు చేసి పంపేదాకా కూర్చునేవాడు. రాత్రి తొమ్మిదీ పదీ.

మూడో రోజు ఆయనే ఫోన్ చేశాడు.

"బాబూ, పని అయ్యాక మెయిన్ దించేసి గానీ తాళం వెయ్యం. పత్తి ఉన్నచోట నిప్పురవ్వ చాలదా? కరెంటే లేకపోతే పందొమ్మిది రోజులు ఎట్టా నడిచిందంటావు?"

నా దగ్గర సమాధానం లేదు. మాదీ పత్తి, మిరప వేసే ఊరే. వరండాలో పత్తి బోరాలున్నన్నాళ్ళూ మా తాత బీడీ వీధిలోకెళ్ళి కాల్చుకునేవాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదని నాకంటే బాగా ఎవరికి తెలియాలి?

అప్పుడు వెలిగింది. ఫాస్ట్ స్టార్టప్! విండోస్ 8 నుంచి వచ్చిన ఈ పుణ్యం వల్ల షట్‌డౌన్ నొక్కితే యూజర్ సెషనే మూసుకుంటుంది, కెర్నెల్ డిస్కులో నిద్రపోతుంది. మెయిన్ తీసేసినా సరే, పొద్దున్నే ఆ నిద్రలోంచే లేస్తుంది. అది నిజమైన బూట్ కాదు గనక స్టార్టప్‌లో జరగాల్సిన ఇన్‌స్టాల్ జరగదు, అప్ టైమ్ సున్నాకి రాదు. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అసలు బూటే. గుంటూరులో మావాడు నొక్కింది అదే. నేను ఈయనకి చెప్పిందేమో "ఆపి వేయండి" అని. చెప్పింది చెప్పినట్టే చేశాడు పాపం.

ఫాస్ట్ స్టార్టప్ ఆపేసే రిజిస్ట్రీ సెట్టింగ్ పంపాను. ఇలాంటి వాటికి బూట్ అక్కర్లేదు, తొంభై నిమిషాలకో, కాస్త అటూ ఇటూగానో వాటంతటవే దిగుతాయి. మర్నాడు పొద్దున్న పర్చూరులో కొత్త వెర్షన్ పడింది.

రూట్ కాజ్ మెయిల్ రాయడానికి పది నిమిషాలు చాలింది. "తప్పు నాది, గుమాస్తా గారు చెప్పిందే నిజం" అన్న వాక్యం చేర్చి, పాత మెయిల్లో ఉన్న అందరికీ పంపడానికి రెండు రోజులు పట్టింది. మా మేనేజరు "అంత అవసరమా?" అన్నాడు. పంపాక ఆయనకి ఫోన్ చేశాను. ఏదో అనబోయాను గానీ మాట తిన్నగా రాలేదు.

"సర్లే బాబూ, ఇంతకీ మీదేవూరు?"

చెప్పాను.

"మిరప మొదటి కోత అయిందా మీకు?"