గుజరాతీ గల్లీలో ట్రాన్సిస్టరు బేరం

మా ఊళ్లో విత్తనాలు దొరుకుతాయి, ఎరువులు దొరుకుతాయి. ట్రాన్సిస్టరు మాత్రం దొరకదు. పోస్టులో తెప్పిద్దామంటే సరుకుకన్నా రవాణా ఖర్చే ఎక్కువ! అందుకే హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకి బస్సెక్కాను.

తొట్టి నిండిందో లేదో చూడ్డానికి నాన్న రాత్రిపూట టార్చిలైటుతో నాలుగుసార్లు లేస్తాడు. దోవలో పాముల భయం. నీళ్లు తీగకు తగలగానే మంచం పక్కన బజరు మోగాలని నా పంతం.

బీసీ 547 అడిగాను. "అది లేదు, 548 తీస్కో" అన్నాడు కొట్టాయన. 547 కలెక్టరు, ఎమిటరుల మధ్య 45 వోల్టులు ఓర్చుకుంటుంది, 548 అయితే 30. నా బ్యాటరీ 9 వోల్టులది. కాళ్ల వరస కూడా ఒకటే. ఇంకేం, సరేనన్నాను. అయితే పది కొంటేగాని ఇవ్వడట! (ఎరువుల కొట్లోనైనా ఇంత దబాయింపు ఎరగను.)

ఇప్పుడు నాన్న ఒక్కసారే లేస్తున్నాడు. మిగతా తొమ్మిదీ హాస్టలు గదిలో అగ్గిపెట్టెలో ఉన్నాయి. కావలసిన మిత్రులు మొహమాటపడక అడగవచ్చు.