రెండు సెకన్ల ఓపిక

మనిషి ఓపికకు కొలత లేదు గాని, కంప్యూటరు ఓపికకు ఉంది. మా ప్రయోగశాలలో మల్టీమీటర్లూ, ఆసిలోస్కోపులూ తీగ చివర కూర్చుంటాయి. కంప్యూటరు దూరాన్నుంచి వాటిని ప్రశ్నలడుగుతూంటుంది. ఈ రాయబారం నడిపే సాఫ్ట్‌వేరు పేరు వీసా. విదేశాలకు పంపించేది కాదు లెండి! మనం వేరే చెప్పకపోతే సాధారణంగా దాని ఓపిక 2 సెకన్లు. అంతలో జవాబు రాలేదా, 'టైమవుట్' అని కేకేసి ఊరుకుంటుంది.

పోనీ మీటరు నిద్రపోతోందా అంటే అదీ కాదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ రొద కొలతలో కలవకుండా మీటరు ఆ ఊపుల్ని పూర్తిగా లెక్కపెట్టుకుని సగటు తీస్తుంది. ఒక్కో ఊపుకీ 20 మిల్లీసెకన్లు. నిక్కచ్చిగా ఉండాలని 100 ఊపులు చూడమన్నామా, 2 సెకన్లూ అక్కడికే సరి. మధ్యలో తన సున్నా కూడా సరిచూసుకోమంటే ఇంకో రెండు. నాలుగు సెకన్ల పని చెప్పి, రెండో సెకనుకే అలిగితే ఎలా?

"గడువు పెంచేస్తే పోలేదా?" అంటారు మా కుర్ర ఇంజనీర్లు. పెంచొచ్చు. కాని అయిదు నిమిషాలు చేశామనుకోండి, తీగ ఊడిపోయిన మీటరు ముందు కూడా కంప్యూటరు అయిదు నిమిషాలూ చేతులు కట్టుకు నిలబడుతుంది. ట్రిగ్గర్ రాని ఆసిలోస్కోపుకయితే గంట గడువిచ్చినా దండగే. పనికెంత పడుతుందో లెక్కగట్టి, దానిమీద కాస్త కలపడం మర్యాద. మరీ పెద్ద పనయితే, "అయ్యాక కబురు చెయ్యి" అని వదిలెయ్యడం ఇంకా మర్యాద. 1975లో ప్రమాణంగా ఏర్పడిన ఐ.ఇ.ఇ.ఇ. 488లో పరికరం పిలవడానికని ఒక తీగే కేటాయించారు. దాని పేరు సర్వీస్ రిక్వెస్ట్.

నాకు టైమవుటంటే భయం లేదు. ఆ తరవాత జరిగేదంటేనే భయం. సీరియల్ తీగ మీద మాట్లాడే మీటరు ఆలస్యంగానయినా జవాబు పంపుతుంది. అది కంప్యూటరు వాకిట్లో పడి ఉంటుంది. కంప్యూటరు తరవాతి ప్రశ్న వేసి, ఆ పాత జవాబే అందుకుంటుంది. పేపరు చదివే మొగుళ్లున్న ఇళ్లలో ఇది తెలిసిన సంగతే. "పాలవాడికి డబ్బులిచ్చారా?" అన్నదానికి 'ఊ' తీరిగ్గా వస్తుంది. ఈలోగా ఆవిడ "చీర కొనుక్కోనా?" అని అడిగేసి ఉంటుంది.

ఇంట్లో అయితే చీరతో పోతుంది. ఇక్కడ మూడో పలక కొలత నాలుగోదాని పేర పడుతుంది. అక్కణ్నుంచి వరస మొత్తం ఒక గడి జరుగుతుంది. అంకెలన్నీ చక్కగా ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. మంచి పలక చెత్తబుట్టలోకి, చెడ్డది ముద్ర వేయించుకుని లోకంలోకి పోతాయి. రేపది ఏ ఆస్పత్రిలో ఎవరి మంచం పక్కన వెలుగుతుందో!

అందుకే మా కుర్రాళ్లకు నేను చెప్పేదొక్కటే: టైమవుటయితే వెంటనే మళ్లీ అడక్కండి. ముందు వాకిలి ఊడ్చి, ఆపైన అడగండి.